గట్టున ఉన్న అమెరికా ఏట్లోకి ఎట్లా దిగింది?

వీధిలో రెండు కుటుంబాలు తగువులాడుకుంటున్నాయి. మూడో ఇంటాయన అరుగు మీద కూర్చుని, "నాకు ఇద్దరూ కావలసినవాళ్లే, నేను ఎవరి పక్షమూ కాను" అంటున్నాడు. మాట మంచిదే. అయితే ఆయనకు కిరాణా కొట్టు ఉన్నది. తగువులో ఉన్న రెండిళ్లలో ఒక ఇంటివాళ్లకే ఆ కొట్టు దాకా వచ్చే దారి ఉన్నది. రెండో ఇంటివాళ్ల దారికి వీళ్లు ముళ్లకంప అడ్డం వేశారు. కొట్టాయన వచ్చినవాళ్లకు బియ్యం, పప్పులతో పాటు దుడ్డుకర్రలు కూడా అమ్ముతున్నాడు. చేతిలో డబ్బు లేదంటే పద్దు వ్రాసుకుంటున్నాడు. రెండేళ్లు ఇట్లా గడిచాక, "అయ్యా, ఎవరు గెలిస్తే మీకు మంచిది?" అని అడిగితే ఏమంటాడు? నోటితో ఏమన్నా అననివ్వండి, చిట్టా పుస్తకం మాత్రం నిజం చెబుతుంది.

1914 ఆగస్టులో యూరపులో మొదటి ప్రపంచ యుద్ధం రాజుకున్నప్పుడు అమెరికా సంయుక్త రాష్ట్రాల పరిస్థితి అచ్చంగా ఇదే.

ఆ నెలలోనే ప్రెసిడెంటు ఉడ్రో విల్సను ప్రజలకు విజ్ఞప్తి చేశాడు. చేతల్లోనే కాదు, ఆలోచనల్లో కూడా పక్షపాతం వద్దన్నాడు. ఆ మాట వెనుక ధర్మచింత ఎంత ఉన్నదో, భయమూ అంత ఉన్నది. 1910 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సుమారు 9 కోట్ల 20 లక్షల మంది ఉంటే, వారిలో 80 లక్షలకు పైగా జర్మనీలో పుట్టినవాళ్లు, లేదా జర్మనీ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పుట్టినవాళ్లు. మిల్వాకీ, సిన్సినాటి వంటి పట్టణాలలో జర్మను బడులు, జర్మను పత్రికలు, జర్మను చర్చీలు ఉండేవి. ఐర్లండు నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లండు పేరెత్తితే ఒళ్లు మంట. తూర్పు తీరాన ఉన్న బ్యాంకర్లకు, విశ్వవిద్యాలయాల పెద్దలకు ఇంగ్లండు మేనమామ ఇల్లు. ఎటు మొగ్గినా సొంత ఇల్లు రెండు చీలికలయ్యేట్లున్నది.

(మనకు ఆ ఇబ్బంది కూడా లేదు. ఇంగ్లండు యుద్ధంలో దిగగానే ఇండియా కూడా దిగినట్లే. మనల్ని అడిగినవారు లేరు. ఆ సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక వచ్చి మద్రాసు రేవులోని చమురు తొట్లను తగలబెట్టి పోయింది. తటస్థంగా ఉండటం కూడా స్వతంత్రులకే దక్కే భాగ్యం!)

ముళ్లకంప సంగతి చూద్దాం. ఇంగ్లండు నౌకాబలం పెద్దది. జర్మనీకి పోయే సరుకును సముద్రం మీదనే ఆపివేసింది. అంతే కాదు, యుద్ధం మొదలైన మర్నాడే, 1914 ఆగస్టు 5న, జర్మనీ నుంచి సముద్రం అడుగున పోయే తంతితీగలను తెంపివేసింది. ఇక అమెరికా పత్రికలకు యూరపు యుద్ధవార్తలు ముఖ్యంగా లండను మీదుగా రావలసిందే. విల్సను ప్రభుత్వం ఈ దిగ్బంధాన్ని కాదంటూ కాగితాలు వ్రాసింది గాని గట్టిగా పట్టుబట్టలేదు. ఫలితం అంకెల్లో చూడండి. 1914లో ఇంగ్లండు, ఫ్రాన్సు పక్షంతో అమెరికా వ్యాపారం దాదాపు 82 కోట్ల డాలర్లు. 1916 నాటికి అది 320 కోట్లు. అదే కాలంలో జర్మనీ పక్షంతో వ్యాపారం 17 కోట్ల దాకా ఉన్నది కాస్తా పది లక్షలకు పడిపోయింది. యుద్ధానికి ముందు బుషెలు డాలరుకు అటూ ఇటూగా పలికిన గోధుమకు 1917లో 2 డాలర్ల 20 సెంట్లు ధర కట్టారు. కాన్సాసులో గోధుమ పండించే రైతు ఏ పక్షమూ కాడు, నిజమే. కాని అతని కొత్త గాదె, కొత్త మోటారు కారు ఒక పక్షానికి చెందినవే.

ఈ ప్రమాదాన్ని మొదటే పసిగట్టినవాడు విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయన్. యుద్ధంలో ఉన్నవాళ్లకు అప్పులివ్వకూడదని 1914 ఆగస్టులోనే అడ్డుపడ్డాడు. నిషిద్ధ వస్తువులన్నింటిలోకీ డబ్బే చెడ్డదనీ, మిగిలినవాటిని లాక్కొచ్చేది అదేననీ ఆయన వాదం. ఎంత సబబైన మాట! కాని కొనేవాళ్ల దగ్గర నగదు అయిపోతే ఫ్యాక్టరీలు మూతపడవా? కొద్ది నెలల్లోనే ఆ నిషేధానికి కన్నం పడింది. 1915 అక్టోబరులో మోర్గన్ సంస్థ నాయకత్వాన ఇంగ్లండు, ఫ్రాన్సులకు 50 కోట్ల డాలర్ల అప్పు పుట్టింది. 1917 ఏప్రిల్ నాటికి ఆ పక్షం పద్దు 230 కోట్ల డాలర్లు, జర్మనీ పద్దు రెండు కోట్ల 70 లక్షలు. అప్పు ఇచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి ఆరోగ్యం కోరతాడని వేరే చెప్పాలా?

ఇది చదివి, బ్యాంకులవాళ్లే అమెరికాను యుద్ధంలోకి తోశారని అనుకోవద్దు. తరువాతి కాలంలో అట్లా అన్నవాళ్లున్నారు. అది సగం నిజం మాత్రమే. రెండో సగం జర్మనీ చేతులారా సమకూర్చి పెట్టింది.

దిగ్బంధానికి జర్మనీ ఇచ్చిన జవాబు జలాంతర్గామి. 1915 మే 1న న్యూయార్కు పత్రికల్లో, లూసిటేనియా అనే ఇంగ్లీషు ప్రయాణికుల ఓడ బయలుదేరే వేళల పక్కనే, జర్మను రాయబార కార్యాలయం వారి ప్రకటన ఒకటి పడింది. యుద్ధ జలాల్లో ఇంగ్లీషు ఓడలెక్కేవారు తమ పూచీ మీద ఎక్కవలసిందని దాని సారాంశం. అయినా జనం ఎక్కారు. మే 7న ఐర్లండు తీరం దగ్గర ఒకే ఒక టార్పెడో దెబ్బకు ఆ మహానౌక 18 నిమిషాలలో మునిగిపోయింది. చనిపోయినవారు దాదాపు 1,200 మంది. అందులో 128 మంది అమెరికన్లు. ఓడ అడుగున తుపాకి తూటాల పెట్టెలున్న మాటా నిజమే, పైన పసిపిల్లలున్న మాటా నిజమే. విల్సను జర్మనీకి కటువుగా లేఖలు వ్రాశాడు. ఇంగ్లండును కూడా అట్లాగే నిలదీయకుండా జర్మనీని మాత్రమే కసరటం తటస్థత కాదని బ్రయన్ జూనులో రాజీనామా ఇచ్చి ఇంటికి పోయాడు.

అప్పటికీ జనం యుద్ధం కోరలేదు. 1916 ఎన్నికల్లో, మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచిన మనిషి ఈయన అని చెప్పుకునే విల్సను పార్టీవారు ఓట్లడిగారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 4 వేల లోపు ఓట్ల తేడాతో గట్టెక్కి ఆయన మళ్లీ ప్రెసిడెంటయ్యాడు. ఇంకో అయిదు నెలలకు యుద్ధం ప్రకటించమని అడిగిందీ ఆయనే.

మధ్యలో ఏమి జరిగింది? 1916–17 చలికాలంలో జర్మనీ ప్రజలు పందులకు వేసే టర్నిప్ దుంపలు తిని బతికారు. ఇంగ్లండును అయిదారు నెలల్లో పస్తులుంచగలిగితే, అమెరికా సైన్యం సముద్రం దాటేలోపే కథ ముగుస్తుందని వారి నౌకాధికారులు లెక్క కట్టారు. 1917 ఫిబ్రవరి 1 నుంచి ఎవరి ఓడ కనిపించినా ముంచివేస్తామన్నారు. అంతకు పదిహేను రోజుల ముందే జర్మను విదేశాంగ మంత్రి జిమ్మర్‌మాన్ మెక్సికోకు ఒక రహస్య తంతి పంపాడు. అమెరికాతో యుద్ధమే వస్తే మీరు మా పక్షాన చేరండి, టెక్సాసు, న్యూ మెక్సికో, అరిజోనాలు తిరిగి సంపాదించుకోండి అని దాని తాత్పర్యం. సొంత తీగలు తెగిపోయాయి గనుక ఆ తంతిని పంపిందెట్లాగో తెలుసునా? శాంతి ప్రయత్నాల కోసమని అమెరికా ప్రభుత్వం వాడుకోనిచ్చిన అమెరికా తీగ మీదనే! ఇంగ్లీషువాళ్లు దాన్ని దారిలో పట్టుకుని, సంకేతలిపి విప్పి, సమయం చూసి అమెరికా చేతిలో పెట్టారు. మార్చి 1న పత్రికల్లో పడింది. దొంగ తంతి అని బొంకినా కొందరు నమ్మేవాళ్లే. జిమ్మర్‌మాన్ మహాశయుడు మార్చి 3న, అవును, నేనే పంపానని ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ 2 సాయంత్రం విల్సను కాంగ్రెసు ముందు నిలబడ్డాడు. ప్రపంచంలో ప్రజాస్వామ్యానికి భద్రత కావాలన్నది ఆయన చెప్పిన కారణం. సెనేటులో 82 మంది సరేనన్నారు, 6గురు కాదన్నారు. ప్రతినిధుల సభలో 373 మంది అనుకూలం, 50 మంది ప్రతికూలం. ఆ 50 మందిలో ఒకరు జెన్నెట్ రాంకిన్. మొంటానా రాష్ట్రం నుంచి ఎన్నికై, అమెరికా కాంగ్రెసులో అడుగుపెట్టిన మొట్టమొదటి మహిళ ఆమె. సరిగ్గా ఆ ఏప్రిల్ 2నే ఆమె సభలో చేరింది. వచ్చిన నాలుగో రోజున ఇంత పెద్ద ఓటు! స్త్రీ గనుక జంకిందని పత్రికలు ఎగతాళి చేశాయి. మిగిలిన 49 మంది మగవాళ్లు ఎందుకు జంకారో ఆ పత్రికలు వ్రాయలేదు.

యుద్ధం గడప దాటి వచ్చింది. మొదట వచ్చింది వంటింట్లోకి.

ఆహార శాఖ హెర్బర్టు హూవరు చేతిలో పెట్టారు. ఫ్రాన్సుకు, ఇంగ్లండుకు గోధుమ, మాంసం పంపాలంటే ఇక్కడ తినటం తగ్గాలి. రేషను కార్డుల జోలికి పోకుండా ఆయన గృహిణులనే పట్టుకున్నాడు. సోమ, బుధవారాలు గోధుమ వద్దు. మంగళవారం మాంసం వద్దు. మాట ఇచ్చిన ఇల్లాలు ఒక కార్డు మీద సంతకం చేసి, మరొకటి కిటికీకి తగిలించుకోవాలి. ఏకాదశులు, శనివారాలు ఉన్న మన ఇళ్లకు ఇది వింత కాదు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికొక పూట భోజనం మానమన్నప్పుడు మన ఇళ్లలోనూ ఎన్నో పొయ్యిలు ఆ పూట ఆరాయి. అమెరికా ఇల్లాలికి మాత్రం అది కొత్త వ్రతం. మొక్కజొన్న రొట్టెలు కాల్చింది, పెరట్లో కూరమళ్లు వేసింది. పొదుపుగా వండటానికి "హూవరైజ్" అని ఒక క్రియాపదమే పుట్టింది. అయితే కిటికీలో కార్డు లేని ఇంటి సంగతేమిటి? ఇరుగుపొరుగు చూసేది అదే. వ్రతం కొన్నాళ్లకు నిఘా అయింది.

సినిమా హాల్లో రీలు మార్చేటప్పుడు ఒక పెద్దమనిషి లేచి నాలుగు నిమిషాలు ఉపన్యసించేవాడు: యుద్ధ బాండ్లు కొనండి, కైజరు ఎటువంటి రాక్షసుడో తెలుసుకోండి. ఇటువంటి "నాలుగు నిమిషాల మనుషులు" దేశమంతటా 75 వేల మంది. బడిపిల్లలు పాతిక సెంట్ల పొదుపు స్టాంపులు కొనేవారు, విషవాయువును ఆపే ముసుగుల్లోకి బొగ్గు కావాలని పీచ్ పండ్ల గింజలు ఏరి తెచ్చేవారు. 1918 మార్చిలో చట్టం చేసి దేశంలోని గడియారాలన్నీ గంట ముందుకు తిప్పారు. సుమారు 2 కోట్ల 40 లక్షల మంది మగవాళ్లు పేర్లు వ్రాయించుకున్నారు. వారిలో 28 లక్షల మందిని నిర్బంధంగా సైన్యంలోకి తీసుకున్నారు.

మగవాళ్లు పోయిన చోట్లకు ఎవరు వచ్చారు? ట్రాముల్లో టిక్కెట్లిచ్చే పనికి, మందుగుండు ఫ్యాక్టరీలకు స్త్రీలు వచ్చారు. ఓటుహక్కు కోసం అధ్యక్ష భవనం ముందు అట్టలు పట్టుకుని మౌనంగా నిలబడిన స్త్రీలను పోలీసులు జైలుకు పంపారు. అక్కడ నిరాహారదీక్ష చేసిన ఆలిస్ పాల్‌కు గొట్టం ద్వారా బలవంతంగా ఆహారం పోశారు. తుదకు 1918 సెప్టెంబరు 30న విల్సనే సెనేటుకు వెళ్లి, యుద్ధంలో భాగస్వాములను చేసుకున్న స్త్రీలకు హక్కులో భాగం ఇవ్వమా అని అడగవలసి వచ్చింది. 1920 ఆగస్టులో ఆ సవరణ రాజ్యాంగానికెక్కింది. దక్షిణాది పత్తి చేలలో మగ్గుతున్న నల్లవాళ్లు లక్షలాదిగా రైలెక్కి షికాగో, డెట్రాయిట్ ఫ్యాక్టరీలకు చేరారు. కూలి పెరిగింది, కాని భద్రత రాలేదు. 1917 జులైలో ఈస్ట్ సెంట్ లూయిస్‌లో తెల్లవాళ్ల గుంపులు వాళ్ల ఇళ్లు తగలబెట్టి పదుల మందిని చంపాయి. ఆ నెలాఖరున న్యూయార్కు వీధుల్లో వేలాది నల్లవాళ్లు నోరు విప్పకుండా, డప్పుల చప్పుడు తప్ప మరేమీ లేకుండా నడిచారు.

నోరు విప్పితే ఏమవుతుందో యూజీన్ డెబ్స్‌ను అడగాలి. ఈ సోషలిస్టు నాయకుడు 1918 జూనులో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో యుద్ధాన్ని విమర్శిస్తూ ఉపన్యసించాడు. పదేళ్ల శిక్ష పడింది. 1920లో జైల్లో ఉండే ప్రెసిడెంటు పదవికి పోటీ చేస్తే 9 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. 1921 క్రిస్మసు నాడు గాని విడుదల కాలేదు.

ఈ దెబ్బ మనవాళ్లకూ తగిలింది. 1913 నవంబరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ పార్టీవారు పత్రిక నడుపుతుండేవారు. కాలిఫోర్నియాలో చదువుకుంటూ ఆ పార్టీలో చేరిన తెలుగువాడు దరిశి చెంచయ్య గారు. ఆ రోజుల ముచ్చట్లు "నేనూ–నా దేశం" అనే ఆత్మకథలో వ్రాశారు. జర్మనుల సాయంతో ఇండియాకు ఆయుధాలు పంపాలని గదరువారు ప్రయత్నించారు, అది కుదరలేదు. అమెరికా తటస్థంగా ఉన్నంత కాలం ఇంగ్లండు ఎన్ని ఫిర్యాదులు చేసినా పని నిదానంగానే సాగింది. 1917 ఏప్రిల్ దాటగానే అరెస్టులు జోరందుకున్నాయి. నేరం ఏమిటో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అమెరికా తటస్థతను భంగపరచటమట! ఆ తటస్థత అప్పటికి గతించింది. తారకనాథ దాస్‌తో సహా పలువురికి శిక్షలు పడ్డాయి. 1918 ఏప్రిల్‌లో విచారణ ముగింపు వేళ కోర్టు హాల్లోనే రామచంద్ర అనే గదరు నాయకుణ్ణి సాటి ముద్దాయి రామ్ సింగ్ కాల్చి చంపాడు. కాల్చినవాణ్ణి అక్కడే మార్షల్ కాల్చివేశాడు.

ఇక భాష సంగతి. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నాబోటివాడికి ఈ కథలో బాగా గుచ్చుకునేది ఇదే. సౌవర్‌క్రౌట్ అని జర్మనులు తినే పులిసిన క్యాబేజీ ఉన్నది. దానికి "స్వేచ్ఛా క్యాబేజీ" అని పేరు మార్చారు. ఇంతవరకు నవ్వుకోవచ్చు. తరువాత బడుల్లో జర్మను పాఠాలు ఆపారు. పుస్తకాలు తగలబెట్టారు. 1918 మేలో అయోవా గవర్నరు, బడిలో, రైల్లో, నలుగురిలో, టెలిఫోనులో, చివరకు చర్చిలో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష వినపడకూడదని ప్రకటించాడు. ఇంగ్లీషు రాని ముసలమ్మ దేవుడికి మొర పెట్టుకోవాలన్నా ఇంటి తలుపు మూసుకోవలసిందే. ఏప్రిల్ 5 అర్ధరాత్రి వేళ ఇలినాయిస్‌లోని కాలిన్స్‌విల్ దగ్గర రాబర్టు ప్రేగర్ అనే గని కార్మికుణ్ణి, జర్మనీలో పుట్టిన పాపానికి, గుంపు చెట్టుకు ఉరి తీసింది. అతను అమెరికా నౌకాదళంలో చేరటానికి ప్రయత్నించినవాడు. పదకొండుగురి మీద కేసు నడిచింది. అందరూ నిర్దోషులని జ్యూరీ తేల్చింది.

1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి. అమెరికా సైనికులు లక్షా 16 వేల మంది పోయారు. అందులో సగానికి పైగా ఫ్లూ జ్వరం వంటి రోగాలకే. కాని ఇంట్లో వచ్చిన మార్పులు ఆ రోజున ఆగలేదు. 1919లో నెబ్రాస్కా రాష్ట్రం, ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు పరభాష నేర్పటం నేరమని శాసించింది. హాంప్టన్ అనే చిన్న ఊళ్లో రాబర్టు మేయర్ అనే పంతులు ఒక చర్చి బడిలో పాఠాలు చెప్పేవాడు. మధ్యాహ్నపు విరామంలో ఒక అరగంట జర్మను బైబిలు కథలు చదివించేవాడు. 1920 మే 25న పదేళ్ల కుర్రవాడొకడు అట్లా చదువుతూ ఉండగా ప్రభుత్వ వకీలు గుమ్మంలోకి వచ్చాడు. ఇంగ్లీషులోకి మారితే చాలు, వచ్చినవాడు వచ్చిన దారిన పోతాడు. మేయర్‌కు ఆ సంగతి తెలుసు. మారలేదు. జర్మనులోనే పాఠం కొనసాగించాడు. 25 డాలర్ల జరిమానా పడింది. ఆ పాతిక డాలర్ల కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1923 జూన్ 4న ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు ఉండి, ఆ శాసనం చెల్లదని తీర్పు చెప్పారు. పిల్లవాడికి ఏ భాష నేర్పించాలో ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదన్నారు.

జనం ఆ కొట్టు పద్దును మాత్రం మరచిపోలేదు. 1935 నుంచి కాంగ్రెసు వరుసగా తటస్థతా చట్టాలు చేసింది: యుద్ధంలో ఉన్నవాళ్లకు ఆయుధాలమ్మరాదు, అప్పులివ్వరాదు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం రాగానే మొదటి ముడి వదులైంది: నగదు పెట్టి కొని, సొంత ఓడల్లో మోసుకుపొమ్మన్నారు. మరుసటి ఏడాదికి ఇంగ్లండు దగ్గర నగదు అయిపోవచ్చింది. పొరుగింటికి నిప్పంటుకున్నప్పుడు నీళ్ల గొట్టం అరువిస్తాంగాని ముందు ధర అడుగుతామా అన్నాడు ప్రెసిడెంటు రూజ్‌వెల్టు. 1941 మార్చిలో అరువు చట్టం వచ్చింది. ఆ డిసెంబరు 7న జపాను విమానాలు పెర్ల్ హార్బరు మీద బాంబులు వేశాయి.

మర్నాడు సభలో ఓటు జరిగింది. 388 మంది అవునన్నారు. ఒక్కరు కాదన్నారు. ఆ ఒక్కరు జెన్నెట్ రాంకిన్! 1940 ఎన్నికల్లో గెలిచి మళ్లీ సభకు వచ్చి ఉన్నది. ఓటయ్యాక గుంపు చుట్టుముడితే ఆమె ఒక టెలిఫోను గదిలో దూరి తలుపు వేసుకుని, పోలీసులు వచ్చి తీసుకుపోయేదాకా అక్కడే నిలబడింది. మళ్లీ ఎన్నికలలో పోటీ చేయలేదు. యుద్ధం ముగిశాక గాంధీజీ పద్ధతులు తెలుసుకోవటానికి ఇండియాకు వచ్చింది. ఒకసారి కాదు, 1971 లోపల ఏడుసార్లు.